కృతికి ఇరవై ఎనిమిది

సోమవారం పొద్దున్న గోపాల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, కూతురి కోచ్‌కి ఒక స్ప్రెడ్‌షీట్ పంపడం, ఏడున్నర షటిల్ బస్సు ఎక్కి శాన్ రామన్ నుంచి సన్నీవేల్ ఆఫీసుకి వెళ్ళిపోవడం. ఈ మూడింటిలో కాఫీ ఒక్కటే సవ్యంగా జరిగింది.

ఆ షీట్ వెనక రెండు నెలల తపస్సు ఉంది. కూతురు కృతి హైస్కూల్లో అమ్మాయిల ఫ్లాగ్ ఫుట్‌బాల్ జట్టులో చేరింది. ఇందులో ఒకరి మీద ఒకరు పడి తొక్కుకోవడాలు ఉండవు. నడుముకి రెండు పీలికలు కట్టుకుని ఆడతారు, బంతి పట్టుకున్న పిల్ల పీలిక లాగేస్తే ఆట అక్కడికి ఆగుతుంది. అతని భార్య విజయశ్రీ కూతుర్ని ఆడనిచ్చింది కూడా ఆ పీలికల పుణ్యమా అనే. కృతి రిసీవర్. అంటే ముందుకి పరిగెత్తి, వెనకనుంచి విసిరిన బంతిని పట్టుకోవడం ఆ పిల్ల పని. మిగతా తండ్రులు ఆటకి వెళ్ళి చప్పట్లు కొట్టి వచ్చేవారు. గోపాల్ డేటా ఎనలిస్టు కాబట్టి అతని ప్రాణం చప్పట్లతో ఊరుకోలేదు. ట్రైపాడ్ పెట్టి ప్రతి ఆటనీ వీడియో తీశాడు. ఇంటికొచ్చి ఒక్కో బంతి దగ్గరా ఆపి ఆపి చూశాడు. ఎవరికి విసిరారు, పట్టిందా వదిలిందా, ఆ క్షణాన ఎదుటి జట్టు ఏ రకం కాపలా కాస్తోంది, అన్నీ రాసుకున్నాడు.

కాపలా రెండు రకాలని బుర్రకెక్కడానికే అతనికి మూడు వారాలు పట్టింది. ఎక్కగానే విజయశ్రీకి పెళ్ళి భోజనాలతో పాఠం చెప్పాడు.

"జోన్ అంటే వడ్డన అనుకో. ఈ వరస నాది, ఆ వరస నీది అని పంచుకుంటారు. తన వరసలోకి ఎవరొస్తే వాళ్ళని చూసుకుంటారు. మ్యాన్ అంటే మీ మేనత్త. ఒక మనిషిని పట్టుకుందంటే చెయ్యి కడుక్కునేదాకా వెనకాలే తిరుగుతుంది."

"మధ్యలో మా మేనత్త ఏం చేసిందండీ మిమ్మల్ని?" అంది విజయశ్రీ. అయినా విషయం మాత్రం బాగా అర్థమైంది.

మొత్తానికి నలుగురు రిసీవర్ల లెక్కా తేలింది. అంకిత జోన్ కాపలా మీద దిట్ట, నూటికి డెబ్బై ఎనిమిది. అదే మ్యాన్ అయితే నలభై నాలుగే. దేదీప్య రెండింటి మీదా అరవై. హానా రెండింటి మీదా యాభై రెండు. కృతి జోన్‌లో అంతంతమాత్రం గానీ, వెనకాల ఒక పిల్ల నీడలా అంటుకుని పరిగెడుతుంటే మాత్రం ఇరవై రెండు బంతుల్లో పద్దెనిమిది పట్టేసింది. నూటికి ఎనభై రెండు. జట్టు మొత్తం మీద అదే పెద్ద అంకె.

ఆ అంకెకి ఆ వారం మరీ విలువుంది. గురువారం సాయంత్రం నాలుగింటికి పసుపు చొక్కాల జట్టుతో ఆట. గెలిస్తే తర్వాతి దశకి, ప్లేఆఫ్స్‌కి. ఆ పసుపు చొక్కాలవాళ్ళు మ్యాన్ తప్ప ఇంకో కాపలా ఎరుగరు. నలుగురు రిసీవర్లలో మొదటినుంచీ దిగేది ముగ్గురే. ఆ ముగ్గుర్లో ఉండాలని కృతి ఆగస్టు నుంచీ ఎండనకా వాననకా పరిగెడుతోంది. కోచ్ తెరెసా అసలు చరిత్ర టీచరు. కోచ్‌గా ఇదే మొదటి ఏడాది కావడంతో ఆవిడకి తన కళ్ళ మీద కంటే కాగితం మీద నమ్మకం ఎక్కువ. "మిస్టర్ గోపాల్, మీ లెక్కలు పంపండి. వాటిని బట్టే ఎవరు ఆడాలో తేలుస్తాను" అని మెయిల్ పెట్టింది.

గోపాల్ 'సెండ్' మీద వేలు పెట్టబోతుండగా, దోసెల అట్లకాడతో విజయశ్రీ అతని వెనకాల వచ్చి నిలబడింది.

"ఇదేంటండీ, దాని పేరు పక్కన ఎనభై రెండు అని అంత పచ్చగా వెలిగించారు?"

"అందరికంటే ఎక్కువ కదా. ఎక్కువ వచ్చినవాళ్ళకి గ్రీన్ పడుతుంది."

"మీకేమైనా మతి ఉందా? కన్నతండ్రే కూతురి గొప్ప ఊరంతా చాటింపు వేస్తాడా? నలుగురి కళ్ళూ దాని మీద పడితే ఇంకేమైనా ఉందా? మొన్న స్పెల్లింగ్ పోటీలో గెలిచిందని మీరు ఫోటో పెట్టిన మర్నాడే దానికి నూట రెండు జ్వరం!"

"అది ఫ్లూ, విజయా."

"అందరికీ ఫ్లూయే వస్తుంది. ఫోటో పెట్టాకే ఎందుకొచ్చిందో మీ డేటా చెప్పిందా?"

గోపాల్ దగ్గర ఆ డేటా లేదు. పైగా లోపల్లోపల అతనికీ అదే పీకుతోంది. చిన్నప్పుడు అతనికి స్కూల్ ఫస్ట్ వచ్చినా వాళ్ళ నాన్న అందరితో "ఏదో గట్టెక్కాడండీ" అనే చెప్పేవాడు. సొంత పిల్లని తనే పొగడడం అతని ఒంట్లో లేదు. కానీ ఏదో అంకె తోచింది వేసి అబద్ధం చెప్పడం కూడా అతని ఒంట్లో లేదు. బయట షటిల్ వచ్చే వేళయింది. ఒక్క క్షణం ఆలోచించి, ఎనభై రెండులోని రెండు అంకెల్నీ అటూ ఇటూ మార్చాడు. ఇరవై ఎనిమిది అయింది. ఉన్న అంకెలే ఉన్నాయి కాబట్టి మనసు కూడా పెద్దగా నొచ్చుకోలేదు. పంపేసి, బ్యాగు తగిలించుకుని పరిగెత్తి, కదిలిపోతున్న షటిల్‌ని చెయ్యి ఊపి ఆపించి ఎక్కాడు.

మధ్యాహ్నం మూడింటికి కోచ్ నుంచి తల్లిదండ్రులందరికీ మెసేజ్ వచ్చింది. గోపాల్‌కి బోలెడన్ని ధన్యవాదాలు, షీట్ లింకు, ఆ కింద గురువారం ఆడే ముగ్గురి పేర్లు. హానా, దేదీప్య, అంకిత. కృతి బెంచీ మీద. గోపాల్‌కి మీటింగ్‌లో ఉండగానే ఆ మెసేజ్ మూడుసార్లు చదవాల్సి వచ్చింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి కృతి మెట్ల మీద కూర్చుని ఉంది. బూట్లు కూడా విప్పలేదు. చేతిలో ఫోను, ఫోనులో షీటు.

"నాన్నా, నువ్వు నాకు ట్వెంటీ ఎయిట్ ఇచ్చావ్?"

"అది కాదమ్మా. అసలు నీది..."

"దేదీప్యకి సిక్స్టీ. అంకితకి ఫార్టీ ఫోర్. నాకు ట్వెంటీ ఎయిట్. నువ్వు ప్రతి గేమ్‌కీ వచ్చావ్. అన్నీ చూశావ్. చూసి కూడా నేను అంత బ్యాడ్ అనుకుంటున్నావా?"

"బంగారం, దిష్టి తగులుతుందని తగ్గించానే. నిజంగా నీది ఎనభై రెండు."

కృతి అతని మొహంలోకి తేరిపార చూసింది. "నేను ఫీల్ అవుతున్నానని ఇప్పుడు ఎయిటీ టూ అంటున్నావ్. లిటిల్ కిడ్స్‌కి చెప్పినట్టు." లేచి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. విజయశ్రీ రెండు దోసెలు ఎక్కువ పోసి, గది బయట పెట్టి వచ్చింది.

మంగళవారం పొద్దున్నే గోపాల్ షీట్ తెరిచి, ఇరవై ఎనిమిది కొట్టేసి ఎనభై రెండు వేశాడు. వేసి, "చిన్న టైపింగ్ పొరపాటు, క్షమించండి" అని కోచ్‌కి మెయిల్ కూడా రాశాడు. పది నిమిషాల్లో ఫోను మోగింది. సంభాషణంతా ఇంగ్లీషులోనే జరిగింది గానీ మనం తెలుగులో చెప్పుకుందాం.

"మిస్టర్ గోపాల్, నేను మార్పుల చరిత్ర తీసి చూశాను. నిన్న మీ అమ్మాయికి చోటు రాలేదు. ఈ పొద్దున ఆరూ నలభైకి ఒక్క మీ అమ్మాయి అంకె మాత్రం ఇరవై ఎనిమిది నుంచి ఎనభై రెండుకి ఎగిరింది."

"అసలు అంకె అదేనండీ!"

"పదకొండేళ్ళుగా టీచర్ని. ఎన్ని రకాల తండ్రుల్ని చూశానో మీకు తెలీదు. నిన్న సొంత కూతురికి అంత తక్కువ వేసిన మీ నిజాయితీ చూసి నాకు కళ్ళు చెమర్చాయి. ఆ గౌరవం నిలబెట్టుకోండి. దయచేసి పాత అంకె పెట్టెయ్యండి."

దిష్టి సంగతి వివరిద్దామని గోపాల్ ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. సొంత కళ్ళు, పరాయి కళ్ళు, ఉప్పు, ఎండుమిరపకాయలు అని రెండు వాక్యాలు నడిచాక, తన మాటలు తనకే వింతగా వినిపించి ఆపేశాడు. మళ్ళీ ఇరవై ఎనిమిది వేశాడు.

బుధవారం మధ్యాహ్నం అంకిత వాళ్ళమ్మ రాగిణి ఫోన్ చేసింది.

"గోపాల్ గారూ, మీకు మామీద కోపం ఏమైనా ఉందాండీ?"

"అయ్యో, అదేం మాటండీ?"

"మరి మీ అమ్మాయికి చక్కగా ఇరవై ఎనిమిది పెట్టుకుని, మా అంకితకి జోన్‌లో డెబ్బై ఎనిమిది పెట్టారేంటండీ? అదీ పచ్చగా! ఊరందరికీ లింకు వెళ్ళింది. నిన్న మెట్లు దిగుతూ పిల్ల కాలు మెలిక పడిందండీ, తెలుసా మీకు?"

"అయ్యయ్యో, దెబ్బ తగిలిందా?"

"తగల్లేదు. తగిలితే ఎవరిదండీ బాధ్యత? కాస్త తగ్గించండి. ముప్ఫై చాలు."

గోపాల్ నోట్లో నాలుక లేనివాడు. పైగా తను తన పిల్లకి చేసిందే ఆవిడ అడుగుతోంది. జోన్, మ్యాన్ రెండింట్లోనూ ముప్ఫై వేశాడు. అది చూసి అరగంటలో దేదీప్య నాన్న మానవ్ పలికాడు.

"అన్నా, అందరి పిల్లలవి తగ్గించినవ్, మా దేదీప్యది ఒక్కదే అరవై ఉంచినవ్. అందరు దాన్నే చూస్తున్నరే. మా ఇంట్లో పొద్దటి సంది లొల్లి. జర ఇరవై తొమ్మిది చేయరాదే!"

"మానవ్, అది డేటా. అట్లా ఎట్లా..."

"నీ బిడ్డది నువ్వు తగ్గించినవ్ కదనే. మా బిడ్డది మాత్రం డేటానా?"

గోపాల్ ఇరవై తొమ్మిది కూడా వేశాడు. సాయంత్రం హానా వాళ్ళ నాన్న క్రెయిగ్ గోపాల్ ఇంటి ముందు ట్రక్కు ఆపి నేరుగా లోపలికే వచ్చాడు. ఇతనికి ఎంత తగ్గించాలో అని గోపాల్ అప్పటికే మనసులో లెక్క వేసుకుంటున్నాడు.

"గోపాల్! మా హానాకి యాభై రెండేంటి? దాని చేతులు ఎప్పుడైనా చూశావా? తొంభై నాలుగుకి ఒక్కటి తక్కువైనా నేనొప్పుకోను!"

తల్లిదండ్రులు పెంచమని కూడా అడుగుతారని గోపాల్‌కి తట్టనే లేదు. ముగ్గురు తెలుగు పిల్లల అంకెలు అడగ్గానే మార్చి, నాలుగో పిల్ల అంకె మార్చనంటే ఏం బాగుంటుంది? ఆఫీసులో ఏడాదికోసారి చేయించే వివక్ష కూడదనే ట్రైనింగ్ గుర్తొచ్చింది. తొంభై నాలుగు వేశాడు. క్రెయిగ్ అతని భుజం మీద ఒక్క చరుపు చరిచి, ట్రక్కు ఎక్కకముందే ఆ షీట్‌ని జట్టు ఫేస్‌బుక్ పేజీలో పెట్టేశాడు. లోకంలో ఎవరైనా చూడొచ్చు. పైన "మా అమ్మాయిని ఆపగలిగేవాళ్ళు పుట్టలేదు" అని కూడా రాశాడు.

కోచ్ తెరెసా ఆ రోజు షీట్ తెరిచి చూస్తే ముప్ఫై, ఇరవై తొమ్మిది, ఇరవై ఎనిమిది, తొంభై నాలుగు. వారం మొత్తం మీద పెరిగి నిలబడిన అంకె అదొక్కటే అని గమనించి, ఆటంతా హానాకే విసరాలని నిశ్చయించింది. ఆరూ నలభైకి పెరిగిన అంకెని నమ్మని మనిషి సాయంత్రం పెరిగిన అంకెని ఎందుకు నమ్మిందయ్యా అంటే, ఈసారి ఏ తండ్రీ "టైపింగ్ పొరపాటు" అని ఆవిడకి మెయిల్ రాయలేదు కాబట్టి.

గురువారం నాలుగింటికి ఎండ చురుక్కుమంటోంది. గోపాల్, విజయశ్రీ బెంచీల మీద కూర్చున్నారు. ఎదురుగా మైదానం అంచున కృతి మోకాళ్ళు చుట్టేసుకుని కూర్చుంది. మూడు రోజులుగా అది తండ్రితో మాట్లాడింది "ఓకే", "ఫైన్" అని రెండే మాటలు. ట్రైపాడ్ తెచ్చాడు గానీ కాళ్ళు విప్పి నిలబెట్టడానికి గోపాల్‌కి చేతులు రాలేదు.

ఆట మొదలైన రెండు నిమిషాలకే అందరికీ సంగతి అర్థమైపోయింది. పసుపు చొక్కాల కోచ్ కూడా ఫేస్‌బుక్ చూస్తాడు. హానా ఎటు కదిలితే అటు ముగ్గురు పసుపు పిల్లలు అంటుకుని తిరిగారు. విజయశ్రీ, "ముగ్గురు మేనత్తలండీ పాపం" అంది. హానాకి విసిరిన తొమ్మిది బంతుల్లో ఒక్కటీ అందలేదు. ఖాళీ దొరికిన అంకిత మధ్యలో ఒకసారి గీత దాటింది కాబట్టి పరువు నిలిచింది. గీత దాటితే ఆరు, ఆ వెంటనే కొసరుగా ఇంకొకటి దక్కించుకోవచ్చు. ఆఖరి నిమిషానికి వాళ్ళు పన్నెండు, మనవాళ్ళు ఏడు. క్రెయిగ్ మాత్రం "హానాకే వెయ్యండి!" అని గొంతు చించుకుంటున్నాడు.

అప్పుడు హానా ఆట ఆపించి, రొప్పుతూ కోచ్ దగ్గరికి వచ్చింది. "కోచ్, నా వల్ల కాదు. కృతిని దింపండి. మ్యాన్‌లో మాలో బెస్ట్ కృతే."

"దానికి ఇరవై ఎనిమిదే కదా?"

"ఎవరు చెప్పారు?" అంది హానా ఆశ్చర్యంగా. రోజూ కలిసి ఆడే పిల్లలకి షీటుతో పనేముంది! కోచ్ తన చేతిలోని కాగితం చూసింది, పిల్లల మొహాలు చూసింది. దేదీప్య అప్పటికే పక్కకి వచ్చేసి కృతిని లాగి లేపుతోంది.

కృతి మైదానంలోకి దిగింది. దిగుతూ ఒక్కసారి బెంచీల వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, భయం ఉంది. తండ్రికి నిజంగానే నమ్మకం లేదేమో అన్న భయం. అది చూసేసరికి గోపాల్‌కి ఇంక కూర్చోబుద్ధి కాలేదు. ఈ మాట పైకి అంటే ఎదుటివాళ్ళు జాగ్రత్తపడతారని తెలుసు. చెప్పకపోతే ఆట గెలవచ్చని కూడా తెలుసు. పోతే పోనీ ఆట అనుకుని బెంచీ ఎక్కి నిలబడ్డాడు.

"ఎయిటీ టూ!" అని అరిచాడు. "కృతీ! నీది ఎయిటీ టూ! ట్వెంటీ టూ బాల్స్, ఎయిటీన్ క్యాచెస్! ఒక్కోటీ పదేసిసార్లు చూశానమ్మా! నువ్వే బెస్ట్! నా కూతురే బెస్ట్!"

నలభై ఆరేళ్ళ జీవితంలో గోపాల్ తన వాళ్ళెవర్నీ బహిరంగంగా పొగడడం అదే మొదటిసారి. మైదానం మొత్తం తిరిగి చూసింది. విజయశ్రీ అతని చొక్కా పట్టుకుని కిందికి లాగుతూ, చప్పున అటూ ఇటూ చూసి మూడుసార్లు థూ థూ థూ అంది. పసుపు చొక్కాల కోచ్ ఫోను తీసి షీట్ చూశాడు. ఇరవై ఎనిమిది. బెంచీ ఎక్కి చెమటలు కక్కుతూ అరుస్తున్న తండ్రిని చూశాడు. నవ్వాడు. కృతి మీద కాపలా ఉండాల్సిన పిల్లని పిలిచి, హానా వైపు పంపించాడు.

హానా వెనక ఇప్పుడు నలుగురు. కృతి వెనక పచ్చగడ్డి తప్ప ఎవరూ లేరు. బంతి వచ్చింది, కృతి పట్టుకుంది, పరిగెత్తింది. పీలిక అందుకునేంత దూరంలో మనిషే లేదు. గీత దాటాక కూడా ఆగకుండా కంచెదాకా పరిగెత్తింది. పదమూడు, పన్నెండు!

గోపాల్‌కి కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. ఆ నీళ్ళలోనే చిన్న చిక్కు కూడా వచ్చిపడింది. ఎవరూ కాపలా లేనప్పుడు పట్టిన బంతిని మ్యాన్ కింద రాయాలా, జోన్ కింద రాయాలా?

ఆట ముగిసిన ఈల మోగగానే కోచ్ తెరెసా అంగలు వేసుకుంటూ వచ్చి అతని చెయ్యి పట్టుకుని ఊపేసింది. "మిస్టర్ గోపాల్! వారం మొత్తం అంకెలు తారుమారు చేసి, శత్రువుకి అందేలా చేసి, ఆఖర్న బెంచీ ఎక్కి ఆ నటన! నేను చరిత్ర టీచర్ని, ఎన్నో యుద్ధాల గురించి పాఠం చెప్పాను. ఇలాంటి ఎత్తు మాత్రం చూడలేదు. మీ నిజాయితీని అనుమానించినందుకు సిగ్గుపడుతున్నాను."

ఇందులో ఏ వాక్యాన్ని ముందు ఖండించాలో గోపాల్‌కి తోచలేదు. "లేదండీ, వచ్చే వారం నిజమైన అంకెలే వేస్తాను. ఒట్టు" అన్నాడు.

"వద్దు!" అంది వెనకనుంచి కృతి. ఒళ్ళంతా గడ్డి, మొహమంతా నవ్వు. వచ్చి తండ్రి నడుము చుట్టూ చేతులు వేసింది. మూడు రోజుల తర్వాత దాని గొంతు మామూలుగా ఉంది. "నాన్నా, వద్దు. నెక్స్ట్ వీక్ షీట్‌లో నాకు ట్వెల్వ్ పెట్టు."

"పన్నెండా? మొన్న ఇరవై ఎనిమిదికే అంత ఏడ్చావు కదే!"

"అప్పుడు నువ్వు నిజంగా అనుకుంటున్నావేమో అనుకున్నా. ఇప్పుడు నాకు తెలుసు." కృతి తల పైకెత్తి అతన్ని చూసింది. "వాళ్ళందరికీ ట్వెల్వ్ చెప్పు. రియల్ నంబర్ నాకు ఒక్కదానికే టెక్స్ట్ చెయ్యి. చేస్తావా?"

"చేస్తానమ్మా" అన్నాడు గోపాల్. అక్కడే నిలబడి, 'ఎనభై రెండు' అని కొట్టి, పక్కన ఒక చిన్న బంతి బొమ్మ కూడా పెట్టి పంపించాడు. కృతి చూసుకుంది. మళ్ళీ చూసుకుంది. ఫోను గుండెలకి ఆనించుకుని స్నేహితుల వైపు పరిగెత్తింది.

చదివేసినట్టు రెండు నీలి టిక్కులు పడేదాకా ఓపిక పట్టి, విజయశ్రీ ఆ మెసేజ్ కూడా డిలీట్ చేయించింది.